బావగారు మూయించిన వాల్వు

గుంటూరు బ్రాడీపేట నుంచి ఒక సోదరి రాసిన ఆరు పేజీల ఉత్తరం ఇది. తన పేరు, అపార్ట్‌మెంటు పేరు బయటికి రాకూడదని కోరారు. క్లుప్తంగా విషయం చెబుతాను.

ఆమెకు నలభై ఆరేళ్ళు. ఇంటర్ పిల్లలకు లెక్కలు చెబుతారు. ఐదంతస్తుల అపార్ట్‌మెంటు, ఇరవై ఫ్లాట్లు, కింద ఒక రక్తపరీక్షల ల్యాబు. అసోసియేషన్ ప్రెసిడెంటు స్వయానా ఆమె బావగారు. భర్తకు అన్నగారు. ఈ ఏడాది ట్రెజరర్ బాధ్యత ఈమెకు ఇచ్చారు. పాత బిల్లులు సర్దుతుంటే రెండేళ్ళ కిందటి ప్లంబరు చీటీ ఒకటి దొరికింది: "ల్యాబు లైను వాల్వు లీకేజి బంద్, ఎండ్ క్యాప్, ఎంసీల్." వాచ్‌మన్‌ను అడిగితే చూపించాడు. పార్కింగ్ గోడకు మోకాలెత్తున ఒక పెద్ద ఇత్తడి వాల్వు ఉంది. దాని అడుగు నుంచి నీళ్ళు పడి ప్రెసిడెంటు సారు కారు నిలిపే చోటంతా తడిసిపోతోందని మూయించారట. అది పెట్టింది కువైట్‌లో పనిచేసి వచ్చిన బిల్డరు. ల్యాబు నీళ్ళు వెనక్కి రాకుండా ఉంటుందని అప్పట్లో చెప్పాడట.

రెండో సంగతి. నిరుడు ఎండాకాలం మున్సిపల్ నీళ్ళు సరిగా రాకపోతే బోరు లైనును తెచ్చి మున్సిపల్ లైనుకు కలిపారు. మధ్యలో ఒక గేట్ వాల్వు పెట్టారు. వేసవి పోయింది, ఆ కలిపింది అలాగే ఉండిపోయింది.

ఆగస్టు వానల్లో వాచ్‌మన్ ఆరేళ్ళ కూతురికి వాంతులు, విరేచనాలు. మూడు రోజులు ఆసుపత్రిలో సెలైన్ ఎక్కించారు. పై ఫ్లాట్లలో ఎవరికీ ఏమీ కాలేదు, అందరికీ ఆర్వో ఉంది. ఇంజినీరింగ్ చదివే ఈమె కొడుకు, నీళ్ళలో కరిగిన ఉప్పులెంతో చూపించే టీడీఎస్ మీటరు పెట్టి చూశాడు. మున్సిపల్ నీళ్ళు మామూలుగా 290, బోరు 1,450. ఒకరోజు పొద్దున వాచ్‌మన్ వాళ్ళ కుళాయిలో 870 వచ్చింది.

భర్తకు చెబితే, "అన్నయ్య పరువు తీస్తావా?" అన్నారు. తోడికోడలు పది రోజులుగా మాట్లాడటం లేదు. బావగారు మాత్రం, "పిల్లకి బయట తిన్నది పడలేదు. నలుగురిలో ఈ మాటెత్తితే ఫ్లాట్ల రేటు పడిపోతుంది" అని తేల్చేశారు. ఒక ఫ్లాటు ఇప్పుడు అమ్మకానికి ఉంది. పైగా వీళ్ళ ఇంటి లోనుకు హామీ ఉన్నది ఆ బావగారే. "నేను తప్పుగా అర్థం చేసుకున్నానా సార్? ఊరుకుంటే ఆ పాపం నాదవుతుందా? మాట్లాడితే ఇల్లు రెండుగా చీలిపోతుందా?" అని అడిగారు.

అమ్మా,

మీరు తప్పుగా అర్థం చేసుకోలేదు. మీ అబ్బాయి రాసిన మూడు అంకెలు చాలు. 290 నుంచి 1,450 దాకా మధ్య తేడా 1,160. మీ వాచ్‌మన్ కుళాయిలో వచ్చింది 290 కంటే 580 ఎక్కువ. సరిగ్గా సగం. ఆ పొద్దున ఆ పిల్ల ఇంట్లోకి వచ్చిన నీళ్ళలో సగం బోరువి. లెక్కల టీచరుగా ఈ భాగహారం మీరు ముందే చేసి ఉంటారు. మీకు నిద్ర పట్టకపోవడానికి కారణం కూడా అదే అనుకుంటున్నాను.

ఒక మాట మాత్రం ముందే చెప్పాలి. ఆ పిల్లకు జబ్బు ఈ నీళ్ళ వల్లే వచ్చిందని మీరూ నేనూ నిరూపించలేం. టీడీఎస్ మీటరు ఉప్పును చూపిస్తుందే తప్ప క్రిముల్ని చూపించదు. మీ వాదన అంతా పాప జబ్బు మీద నిలబెడితే బావగారు "బయట తిండి" అనగానే అది పడిపోతుంది. పైపు మీద నిలబెట్టండి. పైపు కళ్ళకు కనపడుతుంది, దాన్ని ఎవరూ కాదనలేరు.

నేను ఇరవై తొమ్మిదేళ్ళు నీటి సరఫరా పనిలోనే ఉన్నాను. నీళ్ళు ముందుకే పోతాయని అందరూ నమ్ముతారు, ప్లంబర్లు కూడా. కానీ నీళ్ళకు దారి తెలియదు, ఎటు ఒత్తిడి తక్కువైతే అటు పోతాయి. వెనక్కి పోవడానికి రెండే కారణాలు. ఒకటి, ముందు వైపు నుంచి ఎక్కువ ప్రెషర్ తోయడం. మీ బోరు మోటారు ఐదంతస్తుల పైనున్న ట్యాంకుకు నీళ్ళు ఎక్కిస్తుంది. అంటే కనీసం 15 మీటర్ల ఎత్తు. పది మీటర్లకు ఒక కిలో లెక్కన కిలోన్నర ప్రెషర్ పైమాటే. వీధి లైనులో చాలాసార్లు అంత ఉండదు. మధ్యలో ఉన్న గేట్ వాల్వును ఎవరైనా అరచుట్టు వదిలేసినా, దాని అంచులు అరిగినా, బోరు నీళ్ళు మీ వాచ్‌మన్ కుళాయి దగ్గరే ఆగవు. వీధిలోకి వెళ్తాయి. పక్కింటి వాళ్ళ బిందెలో పడతాయి. తక్కెళ్ళపాడులో శుద్ధి చేసి, క్లోరిన్ కలిపి పంపిన కృష్ణా నీళ్ళలో మీ బోరు నీళ్ళు కలుస్తున్నాయని ఆ పక్కింటి వాళ్ళకు ఎలా తెలుస్తుంది?

రెండోది పీల్చడం. మన ఊళ్ళలో నీళ్ళు రోజంతా రావు. వదిలిన గంటో రెండు గంటలో వచ్చి ఆగిపోతాయి. ఆగగానే పల్లపు వైపు ఇళ్ళవాళ్ళు పట్టుకుంటూ ఉంటే పైపు ఖాళీ అవుతుంది. ఖాళీ అయ్యే పైపు స్ట్రా లాంటిది. దాని చివర ఏ బకెట్లో మునిగి ఉంటే ఆ బకెట్లోవి, ఏ పగులు దగ్గర మురుగు నిలిచి ఉంటే ఆ మురుగు లోపలికి లాక్కుంటుంది. 2018 మార్చిలో పాత గుంటూరు ఆనందపేట వైపు అతిసారం వచ్చి ప్రాణాలు పోయిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. మురుగు నీళ్ళు తాగునీటి లైనులో కలవడమే అప్పుడు బయటపడ్డ కారణం. మీ అపార్ట్‌మెంటు సంగతి వేరు, అక్కడ పగిలిన పైపుల సంగతి వేరు. కానీ మంచినీళ్ళ పైపు ఎప్పుడూ నిండుగా, ప్రెషర్‌తో ఉంటుందన్న నమ్మకం రెండు చోట్లా ఒకటే.

ఇలాంటిది మన దగ్గరే జరుగుతుందనుకోవద్దు. 1969లో అమెరికాలోని వూస్టర్‌లో హోలీ క్రాస్ కాలేజీ ఫుట్‌బాల్ జట్టుకు కామెర్లు వచ్చాయి. ఆటగాళ్ళు, కోచ్‌లు కలిపి 97 మందిలో 90 మందికి సోకింది. మైదానంలో నేలలోకి దించిన స్ప్రింక్లర్ గుంటల దగ్గర ఆడుకున్న పిల్లల్లో కొందరికి అప్పటికే ఆ కామెర్ల జబ్బు, హెపటైటిస్, ఉంది. ఆ దగ్గర్లో ఎక్కడో నిప్పంటుకుంటే ఫైరింజన్లు నీళ్ళు లాగాయి, లైనులో ప్రెషర్ పడిపోయింది, గుంటలో నీళ్ళు పైపులోకి వెళ్ళాయి. అదే పైపు నీళ్ళు ఆ కుర్రాళ్ళు తాగారు. అంతకు ముందు 1933లో షికాగో హోటళ్ళలో ఒకదానికొకటి తప్పుగా కలిపిన పాత పైపుల వల్ల అమీబిక్ విరేచనాలు వచ్చి 98 మంది చనిపోయారు. ఆ దేశంలో చాలాచోట్ల నీళ్ళు వెనక్కి రాకుండా ఆపే వాల్వులకు ఏటా పరీక్ష చేయాలన్న నియమం ఊరికే రాలేదు.

ఇక ఆ ఇత్తడి వాల్వు. మీరు పంపిన ఫొటో చూశాను. అది నీళ్ళు వెనక్కి రాకుండా ఆపే బ్యాక్‌ఫ్లో ప్రివెంటర్లలో గట్టి రకం. లోపల ఒకదాని వెనక ఒకటి, నీళ్ళను ఒకే వైపు పోనిచ్చే రెండు చెక్ వాల్వులు, వాటి మధ్య గదికి అడుగున ఒక రిలీఫ్ రంధ్రం. మామూలుగా ఆ గదిలో ప్రెషర్ వీధి వైపు కంటే తక్కువగా ఉండేట్టు స్ప్రింగులు చూసుకుంటాయి. ఆ తేడా 2 పీఎస్‌ఐకి (పీఎస్‌ఐ అంటే ప్రెషర్ కొలత) తగ్గేలోగా రిలీఫ్ తెరుచుకుని గదిలో నీళ్ళు నేల మీదికి వదిలేస్తుంది. ల్యాబు వైపు నుంచి ఏదైనా వెనక్కి వచ్చినా వీధి లైనుకు చేరక ముందే బయట పడిపోతుందన్నమాట. మీ ఊరి నీళ్ళు ఆగిన ప్రతిసారీ వీధి వైపు ప్రెషర్ సున్నా అవుతుంది కాబట్టి ఆ వాల్వు ఒక్కసారి నీళ్ళు వదలడం దాని ధర్మం, అది లీకు కాదు. నీళ్ళు వస్తున్నంతసేపూ కారుతూనే ఉంటే మాత్రం లోపలి మొదటి చెక్ కింద ఇసుకో తుప్పో ఇరుక్కుని ఉండొచ్చు, రబ్బరు అరిగి ఉండొచ్చు. రెండింటికీ మందు శుభ్రం చేయించి పరీక్ష చేయించడమే. దాని మూతికి ఎంసీల్ పెడితే లోపల రెండు చెక్ వాల్వులూ పాడైనా ఎవరికీ తెలియదు. అది ఇప్పుడు గోడకు ఉన్న ఇత్తడి ముద్ద, అంతే.

మీ బావగారి గురించి ఇక్కడే ఒక మాట. నీళ్ళు కారుతున్న చోట మూత పెట్టమనడం ఎవరైనా చేసే పనే. ఆ వాల్వు కారడానికే ఉందని ఆయనకు ఎవరూ చెప్పలేదు. పెట్టిన బిల్డరు ఒక కాగితం రాసి గోడకు అంటించి ఉంటే ఈ ఉత్తరమే ఉండేది కాదు. కాబట్టి ఆ పాత చీటీని నేరానికి సాక్ష్యంగా ఆయన ముందు పెట్టకండి. బోరు కలపడం మాత్రం వేరు. అది కరువులో చేసినదైనా, కరువు పోయాక వదిలేయడం తప్పే, ఆ తప్పును తప్పనే చెప్పాలి.

ఇప్పుడు మీ ముందున్న దారులు. వాటికంటే ముందు, ఏ దారి పట్టినా ఆగకూడనివి రెండున్నాయి. వాచ్‌మన్ భార్యతో ఈ రోజే మాట్లాడండి. తాగే నీళ్ళు తెర్లి పొంగాక ఒక నిమిషం కాచి చల్లార్చుకోమనండి, లేదా మీ ఆర్వో నీళ్ళు రెండు బిందెలు ఇవ్వండి. కారణం కూడా చెప్పండి. ఆమె బిడ్డ సంగతి ఆమెకు తెలియకుండా మీ కుటుంబం లోపల లెక్కలు చూసుకోవడం న్యాయం కాదు. రెండోది, ఆ బోరు కలిపిన ముక్కను తీయించాలి. గేట్ వాల్వు బిగించడం చాలదు, నీళ్ళను ఒకే వైపు పోనిచ్చే మామూలు వాల్వు, ఎన్‌ఆర్‌వి, పెట్టడమూ చాలదు. ఒక్క ఎన్‌ఆర్‌వి మీద మంచినీళ్ళ భారం పెట్టకూడదు. చిన్న రాయి అడ్డం పడితే అది సగం తెరిచి ఉండిపోతుంది, అలా ఉందని బయటికి కనపడదు. పైపును కోసి, రెండు చివరలకూ ప్లగ్గులు వేయాలి. ఒక ప్లంబరుకు గంట పని.

ఇది జరగడానికి మొదటి దారి, బావగారి దగ్గరికి మీరొక్కరే వెళ్ళడం. మీ వారిని తీసుకెళ్ళకండి, ఆయన అన్నదమ్ముల మధ్య నలిగిపోతారు. మీ అబ్బాయిని తీసుకెళ్ళండి, మీటరుతో. ఉదయం నీళ్ళొచ్చే వేళ మూడు గ్లాసులు పట్టి ఆయన ముందే చూపించండి. అంకె చూసినప్పుడు మనిషికి పరువు అడ్డం రాదు, మాట విన్నప్పుడే వస్తుంది. "మీరే ప్రెసిడెంటుగా తీయించారని మినిట్స్‌లో రాస్తాను బావగారూ" అని చెప్పండి. ఇది అబద్ధం కాదు, ఆయన తీయిస్తే ఆయనే తీయించినట్టు. ఈ దారిలో ఇల్లు నిలబడుతుంది. నష్టమేమిటంటే మిగతా పద్దెనిమిది ఇళ్ళకూ విషయం సగమే తెలుస్తుంది. వచ్చే వేసవిలో వేరే ప్రెసిడెంటు వచ్చి మళ్ళీ అదే కలుపుతాడు. అందుకని ఈ దారి ఎంచుకుంటే "బోరు, మున్సిపల్ లైన్లు ఎప్పటికీ కలపరాదు" అన్న తీర్మానం మాత్రం పుస్తకంలోకి ఎక్కేలా చూడండి.

రెండో దారి జనరల్ బాడీలో పెట్టడం. అందరికీ తెలుస్తుంది, ఖర్చు అందరిదీ అవుతుంది, ల్యాబు వాళ్ళ వాటా కూడా అడగొచ్చు. కానీ ఆయనకు ముందు చెప్పకుండా పెడితే ఆ గాయం చాలా కాలం ఉంటుంది. లోను హామీ సంగతి రాశారు కదా, నిజానికి బ్యాంకు హామీని ఆయన కోపంతో రేపటికి రేపు వెనక్కి తీసుకోలేరు. అయినా మీ వారి మనసులో ఆ భయం ఉంది, దాన్ని కొట్టిపారేయకుండా ఆయనతో కూర్చుని మాట్లాడండి.

మూడోది, వార్డు సచివాలయంలో నీళ్ళ పనులు చూసే ఎమెనిటీస్ సెక్రటరీకి రాసివ్వడం. బోరును మున్సిపల్ లైనుకు కలపడం ఒప్పుకునే పని కాదు. వాళ్ళు వస్తే కనెక్షన్ కట్ చేసే అవకాశం ఉంది, ఇరవై ఇళ్ళకూ కొన్నాళ్ళు ఇబ్బంది, మీ పేరు బయటికి రాకుండా ఉండటం కష్టం. బావగారికి గడువు ఇచ్చి, వారం పది రోజులు చూసి, ఆయన కదలకపోతే ఈ తలుపు తట్టడం తప్పదని నా అభిప్రాయం. ఎందుకంటే అప్పటికి అది మీ అపార్ట్‌మెంటు విషయం కాదు, వీధి విషయం. ఆయన తీయించినా సరే, అక్కడికి వెళ్ళి "కలిసి ఉండేది, తీసేశాం, మా వీధి చివర కుళాయిలో క్లోరిన్ చూడండి" అని అడగడం మంచిది. కుళాయి దగ్గర లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగలాలి. చుక్కల మందు వేస్తే రంగు మారుతుంది, రెండు నిమిషాల పని.

రాజీనామా చేసి తప్పుకుంటే ఎలా ఉంటుందని చివరి పేజీలో అడిగారు. తప్పుకోవచ్చు. చీటీ మీ చేతిలో ఉండదు, పైపు మాత్రం గోడకే ఉంటుంది, దాని సంగతి తెలిసిన మనిషి కమిటీలో ఉండరు.

ఫ్లాటు అమ్మకం గురించి బావగారి మాట అర్థమవుతుంది. పరీక్ష చేయించి రిపోర్టు చేతిలో పెట్టుకున్న అపార్ట్‌మెంటుకు ధర తగ్గడం నేను చూడలేదు. కొనేవాడికి దాచిపెట్టి తర్వాత బయటపడితేనే గొడవ.

వాల్వు విషయంలో కూడా రెండు రకాలుగా ఆలోచించొచ్చు. ఉంచుకోవాలనుకుంటే మూత తీయించి, ముందు చెత్తను ఆపే జల్లెడ, అంటే ఒక స్ట్రైనర్ పెట్టించి, ఏటా ఒకసారీ, మరమ్మతు చేసిన ప్రతిసారీ పరీక్ష చేయించాలి. ఆసుపత్రుల్లో, ఫార్మా కంపెనీల్లో పైపు పనులు చూసే వాళ్ళ దగ్గర రెండు చోట్ల ప్రెషర్ తేడాను కొలిచే డిఫరెన్షియల్ గేజి ఉంటుంది. మామూలు ప్లంబరు వల్ల కాదు. ల్యాబు మూశాక రావాలి, ఎందుకంటే పరీక్షప్పుడు చివరి వాల్వు కట్టేస్తారు. వాల్వు ఒంటి మీద నాలుగు చిన్న టెస్ట్ కాక్‌లుంటాయి, వాటికి గేజి గొట్టాలు తగిలిస్తారు. మొదటి చెక్ ఎంత పట్టి ఉంచుతోంది, రిలీఫ్ ఎంత దగ్గర తెరుచుకుంది, రెండో చెక్ బిగువుగా ఉందా, ఈ మూడూ చూస్తారు. రిలీఫ్ 2 పీఎస్‌ఐ లేదా అంతకంటే పైనే తెరుచుకోవాలి. మొదటి చెక్ దానికంటే కనీసం 3 పీఎస్‌ఐ పైన పట్టి ఉండటం మంచిది. "ఓకే మేడమ్, బాగుంది" అంటే ఒప్పుకోకండి. అంకెలు, తేదీ, గేజిని ఎప్పుడు క్యాలిబ్రేట్ చేశారో కాగితం మీద రాయించుకోండి. వచ్చే ఏడాది అంకెతో పోల్చి చూడటానికి మీలాంటి లెక్కల మనిషే కావాలి.

నన్నడిగితే మాత్రం, రోజుకు గంటో రెండు గంటలో నీళ్ళొచ్చే ఊళ్ళో ఆ వాల్వు కంటే తేలికైన పద్ధతి ఉంది. ఆ వాల్వు దాదాపు 10 పీఎస్‌ఐ, అంటే ఏడు మీటర్ల ఎత్తు ప్రెషర్ తనే తినేస్తుంది. దాని బదులు ల్యాబుకు పార్కింగ్‌లోనే ఒక చిన్న ట్యాంకు పెట్టించి, మున్సిపల్ పైపు అందులో పైనుంచి పడేట్టు చేసి, అక్కడి నుంచి వాళ్ళ మోటారు లాక్కునేట్టు చేయొచ్చు. పైపు మూతికీ, ట్యాంకు పొంగి పొర్లే అంచుకూ మధ్య ఖాళీ ఉంటే చాలు. గాల్లోంచి నీళ్ళు వెనక్కి ఎగరలేవు. దీనికి గేజి అక్కర్లేదు, కంటితో చూస్తే తెలుస్తుంది. కాకపోతే ల్యాబు వాళ్ళు ట్యాంకు కడిగే బాధ్యత తీసుకోవాలి, ఖర్చు వాళ్ళే పెట్టుకోవాలి. ఒక కారు చోటులో కొంత పోతుంది. ఏ కారు చోటన్నది మీ బావగారితో తేల్చుకోవలసిన మాట.

ఆ ఖాళీ లెక్క మీ సంపుకు కూడా వర్తిస్తుంది. టార్చి పట్టుకుని మూత తీసి చూడండి. చాలా అపార్ట్‌మెంట్లలో రాత్రిళ్ళు నీళ్ళు పడే చప్పుడు వస్తోందని మున్సిపల్ పైపుకు ఇంకో ముక్క తగిలించి సంపు అడుగుదాకా దించుతారు. అప్పుడు ఆ చివర నీళ్ళలో మునిగే ఉంటుంది, వీధి లైను ఖాళీ అయినప్పుడు సంపులో నీళ్ళు పీల్చుకుంటుంది. మీ దగ్గరా అలా ఉంటే ఆ ముక్క కోయించండి. పైపు వ్యాసానికి రెండింతలు, ఇంచు పైపైతే రెండించులు, ఖాళీ ఉండాలి. కొలవాల్సింది ఫ్లోటు ఆగే చోటు నుంచి కాదు, సంపు నిండి పొర్లే మట్టం నుంచి. కోశాక మొదటి రాత్రి మీ పడక గదిలోకి నీళ్ళు పడే చప్పుడు వినిపిస్తుంది. నాలుగు రోజులకు అలవాటవుతుంది. ఆ చప్పుడు ఆపడానికి పైపు ముక్క తగిలించమని ఎవరైనా అడిగితే మాత్రం ఒప్పుకోకండి.